ఐదు చుక్కల దావత్

ఆ ఆదివారం పొద్దున బాలరాజు పెట్టుకున్న పని చాలా చిన్నది. ఎండ ముదరకముందే తెలిసిన నాలుగిళ్ళు తిరగాలి, తన టెంట్ హౌస్‌కు ఫోన్‌లో తలా ఐదు చుక్కలు పెట్టమని అడగాలి, అన్నం వేళకు ఇల్లు చేరి కాసేపు నడుం వాల్చాలి. అంతే. చుక్కలు అడగబోయి మేకను కోయాల్సి వస్తుందని అప్పుడెవరైనా అని ఉంటే, పాపం, నవ్వి ఊరుకునేవాడు.

అలియాబాద్‌లో కరీంనగర్ రోడ్డును ఆనుకుని ఉన్న లింగస్వామి టెంట్ హౌస్ తెలియనివాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. లింగస్వామి బాలరాజు తండ్రి. ఆయన పోయి చాలా కాలమైనా బోర్డు మీద పేరు మారలేదు, గంజుల మీద పేరూ మారలేదు. ఊరందరికీ వంట చేయగలిగినంత పెద్ద రాగి గంజులు అవి. ప్రతిదాని అంచునా ఆ పేరు ఉలితో చెక్కి ఉంటుంది. ఎవరి పెళ్ళిలో పప్పు ఉడికినా, ఎవరి దినాల్లో కూర ఉడికినా ఆ ఆవిరి లింగస్వామి పేరు మీదుగా పోవాల్సిందే.

అదంతా గడిచిన ముచ్చట. ఇప్పుడు ఊరి చుట్టూ ప్రహరీలు లేచాయి, వాటి లోపల విల్లాలు లేచాయి. ఆ విల్లాల్లో పుట్టినరోజులున్నాయి, నిశ్చితార్థాలున్నాయి, సీమంతాలున్నాయి. వాళ్ళు ఏది కావాలన్నా ఫోన్‌లో వెతుక్కుంటారు. ఫోన్‌కు బాలరాజు తెలియదు. కిందటి పెళ్ళిళ్ళ సీజన్‌లో ఒకరోజు అల్వాల్ నుంచి వచ్చిన టెంటు లారీ ఒకటి సరిగ్గా అతని దుకాణం ముందే ఆగింది. డ్రైవరు కిందికి దిగి విల్లాలకు దారి ఎటని అడిగాడు. పనీపాటా లేక కూర్చున్న బాలరాజు లేచి వెళ్ళి మరీ దారి చూపించాడు. లారీ నిండా కుర్చీలు, పరదాలు, గంజులు. ఆ విల్లాలేమో బాలరాజు దుకాణం వెనక గోడకు అవతలే ఉన్నాయి. ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

ఇక లాభం లేదనుకున్నాడు. గంజులు అమ్మేసి, గుండ్లపోచంపల్లిలో ఏదో గోదాము దగ్గర కాపలా పనికి కుదురుకుందామనుకున్నాడు. మేడ్చల్‌లో పాత సామాను కొనే యాదగిరి వచ్చి గంజులను వేలి ముడితో కొట్టి చూసి, మంచి రాగి అని మెచ్చుకున్నాడు. పై వారం కాక ఆ పై సోమవారం బండి తెస్తానన్నాడు. బాలరాజు సరేనన్నాడు గానీ, యాదగిరి కొట్టిన ఆ చప్పుడు మాత్రం చాలాసేపు చెవుల్లోంచి పోలేదు. తండ్రి వీపు మీద ఎవరో తట్టినట్టుగా అనిపించింది.

కూతురు పూజ ఊరుకోలేదు. మేడ్చల్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది. సెలవురోజుల్లో కూర్చుని దుకాణానికి ఒక వెబ్‌సైటు తయారు చేసింది. అందులో షామియానాల ఫోటోలున్నాయి, కుర్చీల ఫోటోలున్నాయి, తలపాగా చుట్టుకుని బిగుసుకుపోయిన బాలరాజు ఫోటో ఉంది. అంతా బాగుంది గానీ, ఫోన్‌లో టెంట్ హౌస్ అని వెతికితే అల్వాల్ వస్తుంది, కొంపల్లి వస్తుంది, ఎక్కడెక్కడివో వస్తాయి. అలియాబాద్ రాదు.

"సైటు ఉంటే సరిపోదు బాపూ. మన దగ్గర సామాను తీస్కపోయినోళ్ళు రివ్యూలు రాయాలె. ఐదు సుక్కలు పెట్టాలె. గట్లయితెనే వెతికినోళ్ళకు మనం పైన కనవడుతం," అని చెప్పింది పూజ.

"రాస్తరు. ఎందుకు రాయరు?"

"ఇగో, గీ లింకు అందరికి వాట్సాప్ జెయ్యి. ఒక్క మెసేజ్. గంతే."

మెసేజ్ అనగానే బాలరాజు ముఖం ముడుచుకుంది. దేవరయాంజాల్‌లో అతని మేనబావ ఒకాయన కొడుకు పెళ్ళికి అందరినీ మెసేజ్‌లోనే పిలిచాడు. సగం మంది పోలేదు. పోయినవాళ్ళు కడుపు నిండా తిని, వంట కూడా మెసేజ్ లాగానే ఉందని చెప్పుకుంటూ వచ్చారు. అంతటి అప్రదిష్ట తనకొద్దు.

"మనకు కావల్సి అడుగుతున్నం. ఇంటికి పోయి అడిగితెనే మర్యాద," అన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. అతని భార్య సరళ లోపలి నుంచి కుంకుమ భరణి పట్టుకుని వచ్చింది. "ఒట్టి చేతులతోని ఎట్ల పోతం? ఒకరి గడప ఎక్కి అడుగుడంటె బొట్టు వెట్టి అడగాలె," అంది. బాలరాజుకు ఆ మాట సబబుగానే తోచింది.

మొదటి ఇల్లు గౌరయ్యది. ఆయనకు పిండి గిర్నీ ఉంది. గిర్నీ కంటే ముఖ్యంగా ఆయనకు గొంతు ఉంది. ఊళ్ళో ఏ పెళ్ళి జరిగినా చదివింపుల దగ్గర మైకు పట్టుకుని, ఎవరు ఏమి చదివించారో ఊరంతా వినేలా పిలిచేది ఆయనే. సరళ లోపలికి వెళ్ళి ఇంట్లో ఆడవాళ్ళకు బొట్టు పెట్టి, గడపకు కూడా పెట్టింది. గౌరయ్య భుజాల మీది పిండి దులుపుకుంటూ బయటికి వచ్చాడు.

"ఏందిరా తమ్మీ, బొట్టు వెడ్తున్నరు? పూజ లగ్గమా?"

"లగ్గం గాదన్నా. మన దుకాణానికి ఐదు సుక్కలు గావాలె," అని బాలరాజు తనకు అర్థమైనంత మేరకు చెప్పాడు. సైటు, వెతుకులాట, అల్వాల్ లారీ అన్నీ చెప్పాడు. యాదగిరి సంగతి కూడా నోరు జారింది.

గౌరయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. "అంటె, అందరం తలా గింత పెడ్తె నీ దుకాణం నిలవడుతది. గంతే గద?"

"గంతే అన్నా."

"గట్లంటె ఇది సదివింపే. దానికి గింత కత ఎందుకు? ఎన్నడు పెట్టుకున్నవ్?"

"ఎన్నడేందన్నా, రేపటిది గాక పై సోమారం లోపల ఎన్నడైనా..."

"సోమారం లోపలంటె ఆదివారం. మంచిరోజే. వస్తం పో!"

'వస్తం' అన్న మాట బాలరాజుకు కొంచెం తేడాగా వినిపించింది గానీ, చుక్కలు పెట్టడానికి ఫోన్‌తో దుకాణానికి వస్తారేమోలే అనుకున్నాడు. గౌరయ్య ఏమనుకున్నాడో మూడో ఇంటికి వెళ్ళేసరికి తెలిసింది. అది బండ్ల మెకానిక్ శ్రీనివాస్ ఇల్లు. సరళ భరణి మూత తీయకముందే అతను ఎదురొచ్చాడు.

"అన్నా, ఆదివారం బగారనా, తెల్లబువ్వనా?"

ఆదివారం పొద్దున ఊరు ఊరంతా జొన్నలో గోధుమలో పట్టుకుని గిర్నీకి వెళుతుంది. కబురు తమకంటే ముందే నడిచిపోయిందని బాలరాజుకు అర్థమైంది. ఇది దావత్ కాదు అని చెప్పడానికి నోరు తెరిచాడు. వెనక నుంచి సరళ గట్టిగా గిచ్చింది. నోరు తెరిచినందుకు ఏదో ఒకటి అనాలి కాబట్టి, "బగారనే తమ్మీ," అన్నాడు.

వీధిలోకి వచ్చాక భార్య మీద విరుచుకుపడ్డాడు. "ఎందుకు గిచ్చినవే? ఇప్పుడు ఊరికి బువ్వ వెట్టాల్నా?"

"మరి బొట్టు వెట్టినంక బువ్వ లేదంటె రేపు మన బిడ్డ లగ్గానికి ఎవలస్తరు?" అంది సరళ. ఆ ప్రశ్నకు జవాబు ఉన్న మగవాడు మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఎవరూ లేరు. బాలరాజు నాలుగో ఇంటికి నడిచాడు.

ఇంటికి తిరిగొచ్చేసరికి ఎదురింటి సుక్కమ్మ వచ్చి బాలరాజు గడపలో అడ్డంగా కూర్చుని ఉంది. ముసలావిడ. వరసకు బాలరాజుకు మేనత్త. ఆవిడ దగ్గర ఉన్నది నొక్కుడు బొత్తాల ఫోన్ కాబట్టి ఆ ఇంటికి పోలేదు.

"ఏమిరా బాలరాజూ, నాది మనిషి ఇల్లు గాదా? నా గడప దాటిపోయి అందరికి బొట్టు వెట్టొస్తిరి!"

"గట్ల గాదత్తా. అది పెద్ద ఫోన్లు ఉన్నోళ్ళకే పెట్టొస్తది..."

"నా పేర్లనే సుక్క ఉన్నదిరా. నేను వెట్టద్దా?"

సరళ వెంటనే వంగి బొట్టు పెట్టింది. కానీ సుక్కమ్మకు పెట్టాక ఆ పక్కింటికి పెట్టకపోతే బాగుండదు. ఆ పక్కింటికి పెట్టాక ఆ వరస అంతా పెట్టాలి. ఒక వరసకు పెట్టి ఇంకో వరస వదిలితే జన్మలో మాట పోదు. పొద్దు వాలేసరికి భరణిలో కుంకుమ అయిపోయింది. దేవరయాంజాల్ మేనబావ తనను మరిచారని అలిగి ఫోన్ చేశాడు. సాయంత్రం ఆఫీసు స్నేహితురాలి ఇంటి నుంచి వచ్చిన పూజ సంగతంతా విని తల పట్టుకుని కూలబడింది.

"నేను లింకు పంపుమన్న బాపూ. నువ్వు ఊరిని పిలిసొచ్చినవ్!"

పిలిచాక ఏముంది, చేయాల్సిందే. సరళ తమ్ముడు మేకను తోలుకొచ్చాడు. గౌరయ్య బియ్యం పంపాడు. బాలరాజు అటక మీది గంజులు దించి, చింతపండు రుద్ది తోమడానికి కూర్చున్నాడు. తోముతున్న కొద్దీ నల్లటి అంచు కింద నుంచి తండ్రి పేరు ఒక్కో అక్షరం ఎర్రగా బయటికి వచ్చింది. ఈ పని ఎన్నోసార్లు చేశాడు. ఇదే ఆఖరిసారి అన్న ఆలోచన రాగానే చేయి ఆగిపోయింది. తండ్రి మొదలుపెట్టినప్పుడు ఈ దుకాణానికి బోర్డు కూడా లేదు. ఎవరి ఇంట్లో చావైనా పుట్టుకైనా ముందు లింగస్వామి తలుపే తట్టేవాళ్ళు. మనిషిని వెతకాల్సిన అవసరమే ఉండేది కాదు. తనకు మాత్రం ఎవరో వెతికితే దొరకాలన్న తిప్పలు ఎందుకు వచ్చాయో, అందులో తన తప్పెంతో బాలరాజుకు తెలియలేదు. దిగులుగా అనిపించింది. మళ్ళీ చింతపండు తీసుకుని తోమడం మొదలుపెట్టాడు.

ఆదివారం వచ్చింది. దుకాణం ముందు షామియానా లేచింది. బగారా అన్నం వాసన రోడ్డు దాటి బస్టాపు దాకా పోయింది. జనం కొత్త బట్టలు కట్టుకుని వచ్చారు. సామాను ఎట్లాగూ రేపు తనదే కాబట్టి ఒకసారి చూసుకుందామని యాదగిరి కూడా మేడ్చల్ నుంచి వచ్చాడు. వచ్చినవాడిని ఊరికే పోనివ్వరు కదా, వరసలో కూర్చోబెట్టారు. గౌరయ్య అడగకుండానే మైకు అందుకున్నాడు. మైకు ఒకసారి ఆయన చేతికి వెళితే తిరిగి తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

"సుక్కలు వెట్టినంకనే బువ్వ!" అని ముందే ప్రకటించాడు. "తొల్త, బండ్ల మెకానిక్ శ్రీనివాస్! లింగస్వామి టెంట్ హౌస్‌కు... ఐదు... సుక్కలు!"

జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు వినగానే మిగిలినవాళ్ళకు ఉత్సాహం వచ్చింది. ఫోన్లు బయటికి వచ్చాయి. కొందరికి నెట్ లేదంటే పూజ దుకాణంలోని వైఫై ఇచ్చింది. వారమంతా వద్దు వద్దన్న పిల్ల కూడా ఆ సందడిలో కొట్టుకుపోయి, పాస్‌వర్డును మైకులో చదివించింది. ఆ తరువాత గౌరయ్యకు ఊపిరి తీసుకునే తీరిక లేకపోయింది. ఇంటిపేరు, తండ్రిపేరు, చుక్కలు. ఇంటిపేరు, తండ్రిపేరు, చుక్కలు. యాదగిరి కూడా లేచి, తన వంతు ఐదు పెట్టి, చప్పట్లు కొట్టించుకుని కూర్చున్నాడు.

చుక్కల కింద జనం రాసిన మాటలు పూజ ఒక్కొక్కటే చదువుతూ పోయింది. ఒకాయన, "మా పెద్దబిడ్డ పెండ్లినాడు వాన దంచికొట్టింది, టెంటు ఒక్క బొట్టు కారలేదు, అల్లుడే మంచోడు కాడు" అని రాశాడు. ఒకావిడ, "బాలరాజు మంచోడు, వాళ్ళ నాయిన ఇంకా మంచోడు" అంది. వెనక వరసలోని ఒక కుర్రవాడు, "ఇంకా బువ్వ రాలేదు" అని రాసి, అయినా ఐదు పెట్టాడు.

అంతా సాఫీగా నడుస్తుండగా వెంకటరామయ్య సారు వంతు వచ్చింది. ఊరి బడిలో చాలాకాలం పనిచేసి రిటైరైన మనిషి. బాలరాజుకు, గౌరయ్యకు, అక్కడ కూర్చున్న సగం మందికి ఆయనే చదువు చెప్పారు.

"నేను నిన్ననే ఇంట్లో కూర్చుని రాసేశాను. నాలుగు," అన్నారు సారు.

గౌరయ్య మైకు దించాడు. "నాలుగేంది సారూ?"

"నాలుగే. కుర్చీల్లో కొన్నిటికి కాళ్ళు ఊగుతున్నాయి. మిగతా అంతా బాగుంది. నా సర్వీసులో నూటికి నూరు ఎవరికీ వేయలేదు, ఇప్పుడెందుకు వేస్తాను?"

పందిట్లో గుసగుసలు లేచాయి. సరళ తమ్ముడు లేచి, మా బావకు నాలుగేంది, ఇజ్జత్ తీస్తున్నరా అని ఎగిరాడు. నాకు లెక్కల్లో అన్యాయంగా మార్కులు తీసినప్పుడే ఈయన సంగతి తెలుసని ఇంకెవరో పాత కక్ష బయటికి తీశారు. సారు తొణకలేదు. "దిద్దుకోవడానికి ఒకటి ఉంచాలయ్యా. అన్నీ ఇచ్చేస్తే ఇంక వాడికి చేయడానికి ఏముంటుంది?" అని విస్తరి ముందు కూర్చున్నారు. బాలరాజు వెళ్ళి సారు కుర్చీ ఊగుతుందేమో చూసి, ఊగుతుంటే మార్చి వేరేది వేశాడు.

ఆఖరున సుక్కమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "నా ఫోన్‌ల సుక్కలు లేవట బిడ్డా," అని సంచిలోంచి కొత్త తువ్వాల తీసి బాలరాజు భుజాల మీద కప్పింది. గౌరయ్య మైకులో, "సుక్కమ్మ, తువ్వాల ఒకటి!" అని గంభీరంగా పిలిచాడు.

వడ్డన మొదలయ్యాక పూజ ఫోన్ చూసుకుని నిలుచున్న చోటే నిలుచుండిపోయింది. చేతిలో గంటె పట్టుకుని తిరుగుతున్న బాలరాజు ఆ ముఖం చూసి దగ్గరికి వచ్చాడు.

"ఏమైందే? గట్లున్నవేంది?"

"సుక్కలన్నీ ఆ వెతికే కంపెనోళ్ళు తీసేసిండ్రు బాపూ. మన దుకాణం పేరు గూడ తీసేసిండ్రు. మునుపు పూర్తిపేరు కొడ్తెనన్న వచ్చేటిది, ఇప్పుడు అది గూడ రాదు."

"ఎందుకు తీసిండ్రు?"

"ఒక్కపారే, ఒక్క తావు నుంచే, ఒక్క వైఫై మీదికెళ్ళి ఇన్ని వచ్చినయ్ గద. దొంగ రివ్యూలు అనుకున్నరు. గిది సూడు," అని ఫోన్ చూపించింది. సెర్చ్ కంపెనీ నుంచి వచ్చిన సందేశం చక్కటి తెలుగులో ఉంది. 'ఈ అభిప్రాయాలు నిజమైన వ్యక్తులు రాసినవిగా కనిపించడం లేదు. మీ వ్యాపారాన్ని ఫలితాల నుంచి తొలగించాము.'

బాలరాజు ఆ వాక్యం రెండుసార్లు చదివి తల ఎత్తాడు. ఎదురుగా విస్తళ్ళ ముందు జనం కూర్చుని ఉన్నారు. అన్నం కలుపుతున్నారు, ఎముక జుర్రుతున్నారు, పక్కవాడి విస్తరిలో వేయమని మర్యాద చేస్తున్నారు. వీళ్ళలో ఒక్కొక్కరి ఇంట్లో పెళ్ళి ఎప్పుడైందో, చావు ఎప్పుడైందో, ఎవరికి కారం పడదో అతనికి తెలుసు. వీళ్ళు నిజమైన మనుషులు కాదట. తన దుకాణం పోతే పోయింది గానీ, ఆ మాట మాత్రం అతను ఓర్చుకోలేకపోయాడు. కళ్ళలో నీళ్ళు వస్తే పొగ అని చెప్పి సుక్కమ్మ తువ్వాలతో తుడుచుకున్నాడు. కంపెనీ వాళ్ళు తీసేయలేని చదివింపు ఆ తువ్వాల ఒక్కటే.

తన చెవిలో బాలరాజు చెప్పిన సంగతిని గౌరయ్య మైకులో చెప్పేశాడు. పందిరంతా లేచి నిలబడింది.

"నేను దొంగనా?" అన్నాడు శ్రీనివాస్ మూలుగ ఎముక పక్కన పెట్టి.

"ఆ కంపెనీ ఆఫీసు ఏడుంది? ట్రాక్టర్ తియ్యిండ్రి! అందరం పోదాం. మా ముఖాలు సూసి చెప్పుమందాం, మనుషులమో కాదో!" అని గౌరయ్య తలపాగా బిగించాడు.

"పెద్దబాపూ, ఆడ సూసేది మనుషులు గాదు. మిషన్ సూస్తది," అంది పూజ.

"అంటె మిషన్ మనల్ని మనుషులు గాదంటాందా?"

పందిట్లో ముందు ఒకరు నవ్వారు, తరువాత అందరూ నవ్వారు. నవ్వినాక ఆకలి గుర్తొచ్చి అందరూ మళ్ళీ కూర్చున్నారు. బాలరాజు కూడా నవ్వాడు గానీ, అతని నవ్వు మధ్యలో ఆగింది. రేపు సోమవారం.

సోమవారం పొద్దున యాదగిరి ట్రాలీ ఆటో తెచ్చి వాకిట్లో ఆపాడు. కడిగి బోర్లించిన గంజులు ఎండలో మెరుస్తున్నాయి. పూజ గదిలోంచి బయటికి రాలేదు. సరళ గుమ్మం పట్టుకుని నిలబడింది.

"తీస్కపో," అన్నాడు బాలరాజు అటువైపు చూడకుండా.

యాదగిరి ఒక గంజు అంచు పట్టుకుని లేపేంతలో పిండి మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. గౌరయ్యే.

"ఆగు, ఆగు! గంజులు ఏడికి? పై ఆదివారం నాకు గావాలె. షామియానా గూడ గావాలె, కుర్చీలు గూడ. కాళ్ళు ఊగనివే తియ్యి."

"నీకెందుకన్నా?"

"నీకు నేను ఐదు వెట్టిన్నా లేదా? నా గిర్నీకి నువ్వు మళ్ళ వెట్టద్దా?"

"వెడ్తనన్నా. ఇంట్ల కూసోనే వెడ్త. దావత్ ఎందుకు? అయినా నువ్వు వెట్టినయి ఉన్నయా? మిషన్ తీసేసింది గద."

"మిషన్ తీస్తె తియ్యని. నేనిచ్చింది ఇచ్చినట్టే, నువ్వు తిరిగి ఇచ్చేది ఇయ్యాల్సిందే. గది ఊర్కె తీస్కుంటె బిచ్చం అయితది. తీస్కోవాలంటె పిలవాలె. పిలిస్తె బువ్వ వెట్టాలె. బువ్వ వెట్టాలంటె టెంటు వెయ్యాలె. నీ తాన గాకుంటె అల్వాల్ పోవాల్నారా?"

ఈ లెక్కలో తప్పు ఎక్కడుందో బాలరాజు వెతికాడు. దొరకలేదు. అంతలో శ్రీనివాస్ వచ్చాడు. తన మెకానిక్ షెడ్డుకు ఆ పై ఆదివారం కావాలన్నాడు. అతని వెనకే కూరగాయల మొక్కలు పెంచి అమ్మే సత్తమ్మ వచ్చింది. తన నర్సరీకి చుక్కల దావత్ పెట్టుకుంటున్నానని, తనకు తెల్లటి పరదాలే వేయాలని చెప్పింది. నిన్న ఐదు పెట్టినవాళ్ళలో దుకాణమో, బండో, గంపో ఉన్న ప్రతి మనిషికీ ఇప్పుడు ఐదు రావాల్సి ఉంది. రావాల్సింది తెచ్చుకోవాలంటే దావత్ చేయాలి.

పూజ గదిలోంచి బయటికి వచ్చింది. "దావత్‌లు చేసుకోండ్రి. కని సుక్కలు మాత్రం పందిట్ల వెట్టద్దు. ఎవలింటికి వాళ్ళు పోయి, తీరువడిగ, ఒకరొకరే వెట్టుండ్రి. మైకు అసలే వద్దు," అంది. గౌరయ్య ఆ ఆఖరి మాట వినిపించుకోలేదు.

ఇదంతా వింటూ యాదగిరి గంజు అంచు పట్టుకుని వంగి అట్లాగే ఉన్నాడు. ఇక అతని నడుం పట్టేస్తుందనుకుని బాలరాజే అన్నాడు, "తీస్కపో యాదగిరీ. మాట ఇచ్చిన. మాట మాటే."

యాదగిరి గంజును మెల్లగా కింద పెట్టాడు. తల గోక్కున్నాడు. "అన్నా, నేను గూడ నిన్న ఐదు వెట్టిన గద."

"వెట్టినవ్."

"మేడ్చల్ల నాకు గూడ దుకాణం ఉంది గద."

"ఉంది."

"మరి గీ గంజులు నేను కరిగిస్తె నా దావత్‌కు దేంట్ల వండుత?"

సరళ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె నవ్విందో ఏడ్చిందో బాలరాజు చూడలేదు. అతను గంజు దగ్గర కూర్చుని, అంచు మీద తండ్రి పేరు మీద అరచేయి పెట్టాడు. ఎండకు వేడిగా ఉంది. చాలా రోజుల తరువాత అతనికి గుండె తేలికైంది.

ఆ ఏడు మేడ్చల్‌కు, శామీర్‌పేటకు మధ్య చుక్కల దావత్ జరగని ఆదివారం లేదు. వెబ్‌సైటు అంటే ఏమిటో తెలియని పాలవాళ్ళు చేశారు, మంగలి షాపు వాళ్ళు చేశారు. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాళ్ళు చేసినప్పుడైతే చుక్కల సంగతి అందరూ మరిచిపోయి చేపల పులుసు గురించే మాట్లాడుకున్నారు. చుక్కల్లో ఎన్ని నిలిచాయో, ఎన్ని పోయాయో పూజ తప్ప ఎవరూ చూడలేదు. బాలరాజు మాత్రం కుర్చీల కాళ్ళన్నీ సరిచేయించాడు. ఫోన్‌కు తాను తెలియకపోవడం గురించి అప్పుడప్పుడు ఆలోచించేవాడు. ఫోన్ దారి ఫోన్‌ది, ఊరి దారి ఊరిది అనుకునేవాడు. అంతకుమించి ఆలోచించేంతలో ఎవరో పరదాల రంగు అడగడానికి వచ్చేవారు.

పూజ మాత్రం పట్టు వదలకుండా కంపెనీకి అర్జీ మీద అర్జీ పెట్టింది. వానాకాలం పోయాక ఒకరోజు దుకాణం పేరు మళ్ళీ వచ్చింది. పందిట్లో పెట్టిన ఐదు చుక్కలు ఒక్కటీ తిరిగి రాలేదు. ముందురోజు ఇంట్లో కూర్చుని పెట్టిన వెంకటరామయ్య సారు నాలుగు చుక్కలు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి కింద ఒకే వాక్యం. 'కొన్ని కుర్చీల కాళ్ళు ఊగుతాయి, మనిషి ఊగడు.'

ఆ వారమే వెనక విల్లాల నుంచి ఒకావిడ ఫోన్ చేసింది.

"ఆన్‌లైన్‌లో చూశామండీ. అన్నీ ఐదు చుక్కలే ఉంటే నమ్మబుద్ధి కాదు. మీకు ఒకే ఒక్క రివ్యూ ఉంది, అదీ నాలుగు. నిజమైన మనిషి రాసినట్టుంది. ఈ ఆదివారం మా బాబు పుట్టినరోజు, టెంటు వేస్తారా?"

ఈ ఫోన్ కోసమే కదా ఇంత కథ నడిచిందని బాలరాజుకు అనిపించింది. గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు.

"ఈ ఆదివారం మేడ్చల్ల యాదగిరి దావత్ ఉందమ్మా. ఆ పై ఆదివారాలు గూడ ఖాళీ లేవు. ఏమనుకోకుండ్రి. అల్వాల్ల ఒకరున్నరు. ఫోన్‌ల వెతుకుండ్రి, దొరుకుతరు."

ఆదివారం పొద్దున అల్వాల్ లారీ వచ్చి మళ్ళీ బాలరాజు దుకాణం ముందే ఆగింది. షట్టరు మూసి ఉంది కాబట్టి డ్రైవరుకు దారి చెప్పేవాళ్ళు దొరకలేదు.